కృపారావు మాష్టారి పదమూడో ఇల్లు

ఎక్కడ ఏ సంఖ్య కనపడినా దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే తప్ప కృపారావు మాష్టారికి మనసు నిమ్మళించదు. మనం వేరుశెనక్కాయ చేతికొస్తే ఊరుకుంటామా? ఆయనకి సంఖ్యా అంతే. బస్సు నంబరు, బ్యాంకు టోకెను, సినిమా హాల్లో సీటు, ఏదైనా సరే, ముందు పొట్టు ఒలిచి లోపల ఏ గింజలున్నాయో చూసుకోవాలి. ఆ తరవాతే బస్సెక్కడం, కౌంటరు దగ్గరికి వెళ్ళడం, సినిమా చూడడం.

"షుగరు రెండొందల పది ఉంది మాష్టారూ," అన్నాడొకసారి డాక్టరు, మొహం గంభీరంగా పెట్టి.

"రెండు, మూడు, ఐదు, ఏడు!" అంటూ మాష్టారు కుర్చీలోంచి లేచి డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపేశారు. "మొదటి నాలుగు ప్రధాన సంఖ్యలూ ఒక్కటీ తప్పిపోకుండా వచ్చేశాయండీ! ఎంత అందమైన రిపోర్టు!"

"అందంగానే ఉందండి. మాత్ర మాత్రం రెండు పూటలా వేసుకోండి," అన్నాడు డాక్టరు.

ఆయన కాపురం బాపట్లలో, ఉద్యోగం తెనాలిలో. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి, సాయంత్రానికి తిరిగొస్తారు. ఆ రైల్లోకి ఒకసారి కొత్త టీసీ వచ్చి పాసు చూపించమన్నాడు.

"చూపిస్తాను గానీ, మీ బ్యాడ్జి నంబరు మూడొందల తొంభై ఒకటి కదండీ?"

"అవును. అయితే ఏంటి?"

"పదిహేడు ఇరవైమూళ్ళు. చాలా గుంభనమైన సంఖ్యండీ మీది. పైకి ఎవరికీ లొంగనట్టు కనపడుతుంది. లోపల ఇద్దరున్నారు."

టీసీ తన బ్యాడ్జి కేసి అనుమానంగా చూసుకున్నాడు. ఆ రోజు నుంచీ మాష్టారు కూర్చున్న పెట్టె జోలికి వచ్చేవాడు కాదు.

కారణాంకాలు ఆయనకి అన్నమైతే, తిరిగొచ్చే వరసలు పాయసం. ఒకటీ ఒకటీ కలిపితే రెండు, ఒకటీ రెండూ కలిపితే మూడు, రెండూ మూడూ కలిపితే ఐదు, ఇలా వెనకున్న ఇద్దరి భుజాల మీదా చేతులేసుకుంటూ నడిచే వరసొకటి ఉంది. దాన్లో సంఖ్యలు పెరిగి పెరిగి ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. కానీ ప్రతిదాన్లోనూ చివరి అంకె ఒక్కటే చూసుకుంటూ పోతే, అరవై అడుగులు నడిచేసరికి మళ్ళీ బయలుదేరిన చోటే ఉంటాం. ఎంత దూరం వెళ్ళినా ఇల్లు చేరే దారొకటి ఉందన్న ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా మాష్టారు చేతిలో పని ఆపేసి నవ్వుకుంటారు.

తెనాలిలో ఆయన తోటి లెక్చరరు, తెలుగు చెప్పే నరసింహం గారి షష్టిపూర్తికి పిలిచి, నాలుగు మాటలు మాట్లాడమని మైకిచ్చారు. అది పిలిచినవాళ్ళ తప్పు.

"మీకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ళు. అక్షయ అయ్యాక మళ్ళీ ప్రభవ. నా వరసకీ అంతేనండీ! పదితో భాగిస్తే వచ్చే శేషాలు అరవైకోసారి తిరిగొస్తాయి. ఎందుకంటారు? పదిని విప్పితే రెండూ ఐదూ. రెండుతో భాగిస్తే శేషాలు మూడుకోసారి తిరుగుతాయి. ఐదుతో భాగిస్తే ఇరవైకోసారి. మూడుకీ ఇరవైకీ క.సా.గు. ఎంత?"

పందిట్లో తలలన్నీ వంటల వైపు తిరిగాయి.

"ఎంతండీ?"

"అరవయ్యేనండీ అన్నయ్యగారూ," అన్నారు నరసింహం గారి భార్య సుశీల గారు. "విస్తళ్ళు వేసేశాం."

"అంచేత నరసింహం గారూ," మాష్టారు మైకు వదల్లేదు, "మీరు ముసలివారు అయిపోలేదు. మీ శేషం మళ్ళీ మొదటికొచ్చింది. అంతే!"

సాంబారు చల్లారిపోయిన మాట నిజమే. కానీ ఆ పూట అందిన దీవెనలన్నిట్లోనూ తనకి గుర్తున్నది అదొక్కటేనని నరసింహం గారు ఇప్పటికీ చెబుతుంటారు.

బాపట్ల పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే క్రిస్టినా ఇంటర్లో ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. ఆయన వంతెప్పుడొస్తుందో, వచ్చి ఏమంటారో ఆమెకి తెలుసు.

"స్టాంపులు పదమూడివ్వమ్మా."

"డజను తీసుకోండి మాష్టారూ, అడ్డంగా రెండు వరసలు చింపిచ్చేస్తా."

"డజనా! రెండు, రెండు, మూడు. ఎవరు రమ్మంటే వాళ్ళ వెంట వెళ్ళిపోయే మెతక సంఖ్య. నాకొద్దు. పదమూడైతే నిటారుగా నిలబడుతుంది."

క్రిస్టినా నవ్వుకుంటూ పదమూడో స్టాంపుని జాగ్రత్తగా చింపేది. ఆమెకి దిగులంటూ ఉంటే ఒక్కటే. అది పక్క వీధిలో ఉంది.

పక్క వీధిలో ఆమె తమ్ముడు అజయ్ బాబు రెండేళ్ళ కిందట ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రతిష్ఠ రోజున వాళ్ళ చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి, గుమ్మానికి కట్టిన రిబ్బను ముందు ప్రార్థన చేసి, కత్తెర అందించారు. కత్తిరించాల్సింది తల్లి పున్నమ్మ. ఆ సమయానికి పున్నమ్మ ఇంటి వెనక పొయ్యి దగ్గర నిలబడి, బిర్యానీలో మసాలా ఎక్కువైందని వంటవాళ్ళతో తగువు పడుతోంది. అయ్యగారికి పొన్నూరులో ఇంకో కార్యక్రమం ఉంది. కబురు పంపారు. "ఇదిగో వచ్చా," అని జవాబొచ్చింది. మనిషి రాలేదు. "ఎవరో ఒకరు కానివ్వండమ్మా," అన్నారు అయ్యగారు గడియారం చూసుకుంటూ. గుమ్మం పక్కనే అజయ్ బాబు మామగారు, రేపల్లె వరప్రసాదం గారు, ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నారు. ఆయన కానిచ్చారు.

పున్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి రిబ్బను రెండు ముక్కలై వేలాడుతోంది.

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది వదినగారూ," అని వరప్రసాదం గారు నవ్వుతూ కత్తెర చూపించారు.

నవ్వకపోయినా బాగుండేది. చూపించకపోయినా బాగుండేది. పున్నమ్మ అన్నం తినకుండా ఇంటికొచ్చేసి, "నే కన్న కొడుకు గుమ్మానికి రేపల్లె మనిషి కత్తెర పెడతాడా? ఇంకోసారి ఆ గడప తొక్కితే నన్ను పున్నమ్మా అని పిలవకండి," అంది, వాకిట్లో నిలబడి, వీధి వీధంతా వినేట్టు.

అజయ్ బాబు ఎన్నిసార్లు వచ్చి బతిమాలాడో. వచ్చిన ప్రతిసారీ ఆమె కంచం పెట్టి, కూర వడ్డించి, మజ్జిగ పోసేది. మాట మాత్రం వడ్డించేది కాదు. కోడలు ప్రశాంతి చర్చి దగ్గర "వందనాలు అత్తయ్యా" అంటే, ఆ వందనాలు గాల్లోనే ఉండిపోయేవి.

అలాగని ఆమెది నిలిచే కోపమూ కాదు. సాయంత్రం బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళ్ళి, ఆరిపోయిన చీరనే మళ్ళీ మళ్ళీ తడిమి చూస్తూ పక్క వీధి వైపు నిలబడిపోయేది. సముద్రం మీది గాలి పేటలోకి దిగే వేళకి ఆ ఇంట్లో లైటు వెలిగేది. వెలిగాక ఆమె మెట్లు దిగేది. క్రిస్టినా ఇదంతా కింది నుంచి చూస్తూనే ఉంది.

"అమ్మకి వెళ్ళాలనే ఉంది మాష్టారూ," అందొకరోజు కౌంటరు దగ్గర, ఉండబట్టలేక. "అంత గట్టిగా అనేసింది కదా, వెళ్ళడానికి ఒక కారణం దొరకట్లేదు."

మాష్టారు తల వంచుకుని ఆమె ముందున్న పార్సెలు కేసి చూస్తున్నారు. "ఈ నంబరు పదకొండుతో నిశ్శేషంగా పోతోందమ్మాయ్, గమనించావా?" అన్నారు.

క్రిస్టినాకి మనసు చివుక్కుమంది. ముద్ర కొంచెం గట్టిగానే కొట్టింది.

ఇదిలా ఉండగా పేటలో గృహకూటాల గొడవ మొదలైంది. శుక్రవారం శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో కూడుకుని, రెండు కీర్తనలు పాడి, ఒకరు బైబిలు వాక్యం చెబితే విని, ప్రార్థన చేసుకుని, టీ తాగి, పెట్టింది తిని వెళ్ళడం వాళ్ళ అలవాటు. మొత్తం పన్నెండిళ్ళు. మొదలుపెట్టిన మనిషి కాబట్టి మొదటి ఇల్లు పున్నమ్మది. అజయ్ బాబు ఇల్లు లెక్కలో లేదు. ఎందుకు లేదో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

వాక్యం చెప్పేవాళ్ళు నలుగురు. వరసలో మొదటివారు ఏసుపాదం గారు. ఆయన ఆదికాండంలో మొదలెడతారు. ఎక్కడ ఆపుతారన్నది ఆయన చేతిలో కూడా లేదు. రెండో వారు అయ్యగారు. అయ్యగారంటే అయ్యగారే, వస్తే ఇంటికి నిండుదనం. మూడో వారు బర్నబాస్ గారు, కథలు చెప్పి నవ్విస్తారు. నాలుగో వారు యేసుదాసు గారు. టీ పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంటే, పొంగేలోపు ఆమెన్ అనేస్తారు.

వంతులు వేసే పని క్రిస్టినాది. ఇళ్ళు వరసగా, మనుషులు వరసగా, ఒకరి తరవాత ఒకరు. ఇంతకన్నా ధర్మంగా ఎవరు వేస్తారు? అయినా ఏడాది తిరిగేసరికి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ సండేస్కూలు గదిలో ఆమె మీద పడ్డారు.

"మా ఇంటికి అయ్యగారు ఒక్కసారైనా రాలేదేంటమ్మా? మేమేం పాపం చేశాం?"

"మాకెప్పుడూ యేసుదాసు గారే. చాప పరిచి ఎత్తినట్టుంటది."

"మరి నా సంగతేంటే?" అంది పున్నమ్మ కూతురితో. "కన్నతల్లినని కూడా చూడకుండా ప్రతిసారీ నాకు ఏసుపాదం గారినే వేస్తావా?"

ఏసుపాదం గారు అక్కడే ఉన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "నా కోసం మీలో మీరు పోట్లాడుకోకండమ్మా," అన్నారు. "ఎవరింటికి రమ్మన్నా వస్తాను."

"నేనేం కావాలని వెయ్యలేదండి, వరస అలా వస్తోంది," అంది క్రిస్టినా ఏడుపు గొంతుతో. వచ్చేవారం నుంచి కూటాలు రెండుగా చీల్చేద్దామని ఎవరో అన్నారు. అప్పుడు వెనక బెంచీ మీంచి కృపారావు మాష్టారు లేచారు.

"పన్నెండు కుర్చీలు గుండ్రంగా వెయ్యండి."

వేశారు. ఇంటికొకరిని కూర్చోబెట్టారు. ప్రసంగీకులు నలుగురినీ ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టి, కుర్చీకొకరు చొప్పున దణ్ణం పెట్టుకుంటూ నడవమన్నారు. నాలుగో ఆయన అయ్యాక మళ్ళీ మొదటి ఆయన. ఏసుపాదం గారు పున్నమ్మకి దణ్ణం పెట్టి బయలుదేరారు. చుట్టంతా తిరిగి కుర్చీలన్నీ అయ్యేసరికి మళ్ళీ పున్నమ్మ ఎదురుగా ఆయనే.

"ఇంకోసారి నడవండి," అన్నారు మాష్టారు.

నడిచారు. మళ్ళీ ఆయనే.

"వందనాలమ్మా," అన్నారు ఏసుపాదం గారు ఆయాసపడుతూ.

"చూశారా? తప్పు క్రిస్టినాది కాదు. తప్పు పన్నెండుది," అన్నారు మాష్టారు. నల్లబల్ల మీద సుద్దముక్క టకటకలాడింది. "పన్నెండులో నాలుగు నిండుగా కూర్చుని ఉంది. చుట్టు పూర్తయ్యేసరికి శేషం సున్నా. శేషం లేకపోతే మార్పు లేదు. ఎవరెక్కడున్నారో అక్కడే ఉండిపోతారు. అదే పదమూడనుకోండి, ఒకటి మిగులుతుంది. మిగిలిపోయిన ఆ ఒక్కటే అందర్నీ ఒక్కడుగు పక్కకి జరుపుతుంది. కాబట్టి ఇంకో ఇల్లు చేర్చండి."

"పదమూడా?" అని గదంతా గొల్లుమంది.

"ఆఖరి భోజనం బల్ల దగ్గర పదమూడు మందే కదండీ మాష్టారూ!" అన్నారు బర్నబాస్ గారు భయంగా.

"అందులో ప్రభువు కూడా ఉన్నాడండీ. ఆయన్ని లేపేసి పన్నెండు చేద్దామా?"

బర్నబాస్ గారు గబగబా కూర్చున్నారు.

"పోనీ పదకొండు చేస్తే?" అన్నారు యేసుదాసు గారు.

"అదీ బాగానే తిరుగుతుంది. ఎవరిల్లు తీసేద్దామో చేతులెత్తండి."

చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి.

ఇక పదమూడో ఇంటి వేట మొదలైంది. సూర్యలంక రోడ్డులో ఒకరున్నారన్నారు. ఇంటి నంబరెంతని మాష్టారు అడిగారు. ఎనభై నాలుగు. "అందరికీ లొంగుతుంది. వద్దు." రైల్వే గేటు దగ్గర ఇంకొకరున్నారన్నారు. తొంభై ఒకటి.

"తొంభై ఒకటా!" మాష్టారు నుదురు కొట్టుకున్నారు. "పచ్చి దొంగ సంఖ్యండీ అది. ప్రధాన సంఖ్యలా అమాయకంగా నిలబడుతుంది, లోపల ఏడూ పదమూడూ దాక్కుని ఉంటాయి. అసలే వద్దు."

"ఇంటి నంబరుకీ దీనికీ సంబంధం ఏంటండీ మాష్టారూ?" అన్నారు అయ్యగారు.

"ఉందండి," అన్నారు మాష్టారు. ఎంత ధీమాగా అన్నారంటే, అయ్యగారు తానే ఏదో మర్చిపోయినట్టు తలూపేశారు.

"నూట ఒకటుంది," అన్నారు మాష్టారు, సుద్దముక్కని చూసుకుంటూ. "స్వచ్ఛమైన ప్రధాన సంఖ్య. పక్క వీధిలోనే."

నూట ఒకటి అజయ్ బాబు ఇల్లు. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. క్రిస్టినా తల్లి కేసి చూడలేక నల్లబల్ల కేసి చూసింది.

"పెట్టుకోండి," అంది పున్నమ్మ. "నే మాత్రం రాను."

"అదేంటి వదినా?" అంది యేసుదాసు గారి భార్య. "మొన్న నాకు కాళ్ళ నొప్పులై ఒక్క వారం మానితే, 'ఇల్లు చూసి వస్తావా, దేవుణ్ణి చూసి వస్తావా' అని నలుగురిలో నన్ను కడిగేశావు కదా!"

మాష్టారు చేతులకున్న సుద్దపొడి దులుపుకున్నారు.

"అక్కయ్యగారూ, నాకు మనుషుల గొడవలు తెలియవండి. కత్తెరలూ తెలియవు. మీ ఇంటికి అయ్యగారు రావాలంటే పదమూడు కావాలి. పదమూడు కావాలంటే నూట ఒకటి కావాలి. లెక్క అలా పడింది. నేనేం చెయ్యను?"

పున్నమ్మ కొంగు భుజం మీద సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. ఆమె మొహంలోకి ఏదో వచ్చి, కాసేపు తచ్చాడి, కూర్చుంది.

"అందరూ వినండి," అంది చివరికి. "నేనొస్తే లెక్క కోసం వస్తా. మనుషుల కోసం కాదు."

"లెక్కలున్నది అందుకేనండి," అన్నారు మాష్టారు.

పన్నెండిళ్ళూ అయ్యి అజయ్ బాబు ఇంటి వంతు వచ్చిన రోజున, వాడు పొద్దున్నే పోస్టాఫీసుకి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఇవాళ వాక్యం ఏసుపాదం గారంట కదే! అమ్మ అంతసేపు మా ఇంట్లో కూర్చుంటుందా? మధ్యలో లేచి వెళ్ళిపోతే?"

క్రిస్టినాకీ అదే భయం. మాష్టారికి ఫోన్ చేసి, ఈ ఒక్కసారికీ యేసుదాసు గారిని మార్చకూడదా అని అడిగింది.

"పదమూడుని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. ఒకటో ఆయన ఏసుపాదం గారు. లెక్కతో ఆటలాడకూడదమ్మా," అని పెట్టేశారాయన.

సాయంత్రం పున్నమ్మ వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా, ఇంటికప్పులో పగుళ్ళేమైనా ఉన్నాయా అని వెతుకుతున్నట్టు పైకి చూస్తూ గడప దాటి, తలుపు పక్కనున్న కుర్చీలో కొసకి కూర్చుంది. లేవాలనుకుంటే ఒక్క అడుగు. అజయ్ బాబు మంచినీళ్ళు తెస్తే, గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు.

ఏసుపాదం గారు లోకాన్ని సృష్టించారు. ఆదామవ్వల్ని తోటలోంచి పంపించారు. ఓడ దగ్గరికొచ్చేసరికి బయట చీకటి పడుతోంది. జంతువులన్నీ ఎక్కాలి, ఏ ఒక్కటీ మిగిలిపోకూడదు. ఒంటెలు ఎక్కాయి, కుందేళ్ళు ఎక్కాయి. వంటింట్లో ప్రశాంతి గారెలకి నూనె పెట్టింది. ఓడ తలుపు మూసుకున్నాక, "కళ్ళు మూసుకుందాం," అన్నారు ఏసుపాదం గారు. అందరూ మూసుకున్నారు. ఆయన ప్రార్థన ఆయన వాక్యానికి చెల్లెలు. ఇప్పట్లో ఆమెన్ రాదని అందరికీ తెలుసు.

ఎక్కడో మాడుతున్న వాసన మొదలైంది.

క్రిస్టినా ఒక కన్ను తెరిచింది. తల్లి ముక్కుపుటాలు కదులుతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది గానీ, మొహం వంటింటి వైపు తిరుగుతోంది, పొద్దుతిరుగుడు పువ్వులా. ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకుంది. తరవాత గ్లాసు కింద పెట్టి, చప్పుడు కాకుండా లేచి, తలుపు వైపు కాదు, వంటింటి వైపు నడిచింది. క్రిస్టినా చుట్టూ చూసింది. ఎదురు వరసలో మాష్టారి ఎడమ కన్ను కూడా తెరిచే ఉంది. ఆమె చూడగానే టక్కున మూసుకుంది.

లోపల్నించి గుసగుసలు.

"పిండి ఇంత జారుగా రుబ్బుతారా ఎవరైనా?"

"అత్తయ్యా, మీరు..."

"నేను మాట్లాడ్డానికి రాలేదు. పక్కకి జరుగు. మంట తగ్గించు. ఏదీ, గుప్పెడు బియ్యప్పిండి ఇలా తే."

అజయ్ బాబు కళ్ళు తెరిచి, దేవుణ్ణి క్షమించమన్నట్టు ఒకసారి పైకి చూసి, వంటింటి గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఏరా," అంది పున్నమ్మ, రెండేళ్ళ తరవాత కొడుకుతో. "చిల్లుల గరిట ఎక్కడ పెట్టి చచ్చార్రా ఈ ఇంట్లో?"

ఆమెన్ అయ్యి అందరూ కళ్ళు తెరిస్తే తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"పున్నమ్మగారు వెళ్ళిపోయారా?" అన్నారు ఏసుపాదం గారు దిగులుగా.

"ఇక్కడే ఏడ్చాను," అని వంటింట్లోంచి గొంతు వినపడింది. "ఆమెన్ అన్నాలెండి. గారెలు వేడివేడిగా ఉన్నాయి, లేచి చేతులు కడుక్కోండి!"

ఆ రాత్రి ఇంటికి నడుస్తూ పున్నమ్మ వీధి మలుపులో ఆగి, "రేపొకసారి వెళ్ళి ఆ పిల్లకి పప్పు ఎంతసేపు నానబెట్టాలో చెప్పొస్తా," అంది. "మళ్ళీ పదమూడు వారాలకి గానీ ఆ ఇంటి వంతు రాదు కదా. అప్పటికైనా నేర్చుకోవద్దూ?"

పప్పు నానబెట్టడం నేర్పడానికి చాలా రోజులు పట్టింది. తరవాత ఊరగాయ వచ్చింది. ఆ తరవాత ఆమె కారణాలు చెప్పడం మానేసింది. ఒకసారి రేపల్లె నుంచి వరప్రసాదం గారొచ్చినప్పుడు కూడా అక్కడే ఉంది. ఆయనకి గారెలు రెండు తక్కువ వేసిందని అజయ్ బాబు అంటాడు. కూటాలూ చీలిపోలేదు. న్యాయం అందరికీ సమానంగా అందింది, అంటే ఏసుపాదం గారు ఇంటింటికీ సమానంగా అందారు. అందరూ ఒకేలా కష్టపడుతున్నప్పుడు ఎవరూ పెద్దగా బాధపడరు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం పొద్దున, క్రిస్టినా పనికి వెళ్ళే ముందు బాపట్ల స్టేషనుకి వెళ్ళింది. మాష్టారు ప్లాట్‌ఫారం మీద తెనాలి రైలు కోసం నిలబడి ఉన్నారు. మంచు ఇంకా విడలేదు. పట్టాలు కొంత దూరం వెళ్ళి, ఇంక వెళ్ళబుద్ధి కానట్టు తెల్లగా మాయమైపోతున్నాయి.

"మాష్టారూ, ఒక లెక్కండి."

"చెప్పమ్మా, చెప్పు!" ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇళ్ళు పన్నెండే ఉంచి, వాక్యం చెప్పేవాళ్ళని ఐదుగురిని చేస్తే?"

మొహం కొంచెం ఆరింది. "ఐదుగురా?"

"పన్నెండంటే రెండు, రెండు, మూడు. ఐదంటే ఐదు. ఉమ్మడిగా ఏమీ లేదు. అప్పుడూ అందరూ అందరిళ్ళకీ తిరిగేవారు. ఐదో మనిషిగా మీరే నిలబడితే సరిపోయేది కదండీ."

"నేనా? నేను సంఖ్యాకాండం తప్ప ఏం చెప్పగలనమ్మా? జనం పారిపోరూ!"

"పోనీ చుట్టుకోసారి ఒక పేరు ముందుకి జరిపినా సరిపోయేది. కొత్త ఇల్లూ అక్కర్లేదు, కొత్త మనిషీ అక్కర్లేదు."

"రైలొస్తోందమ్మా."

"అది గూడ్సండి."

గూడ్సే. మంచులోంచి దడదడలాడుతూ వచ్చి వాళ్ళ ముందు నుంచి పోతోంది. పెట్టె వెనక పెట్టె, ఒక్కో పెట్టె మీద బారెడు నంబరు తెల్లటి అక్షరాలతో. అన్ని నంబర్లు కళ్ళ ముందు ఊరేగుతుంటే, కృపారావు మాష్టారు తల వంచుకుని తన చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డారు. ఆఖరి పెట్టె వెళ్ళిపోయేదాకా ఒక్కసారీ తలెత్తలేదు.

"ఇంటి నంబరుకీ దానికీ సంబంధమే లేదు కదండీ?" అంది క్రిస్టినా మెల్లగా.

"లేదు," అన్నారు ఆయన. "ఐదుగురి సంగతి నాకు తట్టనే లేదమ్మాయ్. పొరపాటైపోయింది. ఇంత తెలివిగా ఎలా కనిపెట్టావు?"

"నేను కాదండి. అమ్మ."

మాష్టారు ఉలిక్కిపడి తలెత్తారు. "పున్నమ్మగారా? ఎప్పుడు?"

"మీరు నల్లబల్ల దగ్గర నూట ఒకటి అన్నారు చూడండి, అప్పుడే అంట. 'ఇంకో మనిషి వాక్యం చెబితే పోయేదానికి ఈయన ఇంకో ఇల్లు వెతుకుతాడేంటా అనుకున్నానే' అంది నిన్న, బట్టలు మడతపెడుతూ."

"తెలిసి కూడా ఒప్పుకున్నారా?" మాష్టారు గొంతు తగ్గించారు. "ఇంకా ఏమన్నారమ్మా?"

"'పాపం మాష్టారికి లెక్కలు సరిగ్గా రావు. ఎవరితోనూ అనకే, చిన్నబుచ్చుకుంటారు' అందండి."

మాష్టారు భుజాలు కదిలేలా, చేతిలో టిఫిన్ డబ్బా గలగలలాడేలా నవ్వడం మొదలెట్టారు. ఈసారి నిజంగానే తెనాలి రైలు వచ్చి ఆగింది. ఆయన కళ్ళు తుడుచుకుని, కమ్మీ పట్టుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగారు.

"నిజమేనమ్మా," అన్నారు, మహా ధీమాగా. "నాకు రావు."